మామ తీసిన నల్ల ఫ్రేములు

మా మామ పోయారన్న కబురు భూపాలపల్లి నుంచి మా ఆడబిడ్డ ఫోన్లో చెప్పింది. పొద్దున పదకొండు కావస్తోంది. జనగామలో నేను పనిచేసే ఫొటో స్టూడియోలో కూర్చుని, ఒక పెళ్లికూతురి చెంప మీద పసుపు మరక చెరుపుతున్నాను. "వదినా, బాపు పోయిండు. ఛాయ తాగి కుర్చీల కూసున్నడు, గట్లనే పోయిండు" అంది. ఏడుస్తూనే ఇంకో మాట కూడా అంది: "మంచి ఫొటో ఒకటి చూడు వదినా. పెద్దగ చేయించి పట్టుకరా. అన్ని నీ దగ్గర్నే ఉంటయి గద."

ఉంటాయి. మా ఇంటి ఫొటోలన్నీ నా దగ్గరే ఉంటాయి. అదే నా భయం. చావు కబురు వింటే మనిషికి ముందు దుఃఖం రావాలి. నాకు ముందు గుండె దడ వచ్చింది. మామ నమ్మి నా చేతిలో పెట్టినవాటిని ఒకసారి పోగొట్టినదాన్ని నేను. ఇప్పుడు ఆయన ఫొటో కూడా పోగొట్టి ఉంటానేమోనని కంప్యూటర్లో వెతకడం మొదలుపెట్టాను. ఏడుపు దారిలో కాజీపేట దాటాక గానీ రాలేదు.

నాది పుట్టుకతోనే బెదురు గుండె. గ్యాస్ కట్టేశానో లేదో అని ఎక్కిన బస్సు దిగి ఇంటికొచ్చిన రోజులున్నాయి. మా ఆయన నవ్వుతాడు. మామ ఒక్కనాడూ నవ్వలేదు. ఆయన మహబూబాబాద్‌లో రైల్వే సిగ్నళ్లు బాగుచేసే ఉద్యోగం చేసి రిటైరై, అక్కడే ఉండిపోయారు. ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూసేవారు. మూడోసారి "పడ్డది" అని పైకి అనేవారు, పక్కన ఎవరూ లేకపోయినా సరే. "భయమున్నోళ్లే సిగ్నల్ పనికి పనికొస్తరు బిడ్డా. ధైర్యమున్నోని చేతుల గేటు పెట్టొద్దు" అనేవారు. పెళ్లయి ఆ ఇంటికొచ్చిన కొత్తలో ఆ మాట విని, ఈ ఇంట్లో నేను బతకగలను అనుకున్నాను.

ఆయనకు చుక్కల పిచ్చి చిన్నప్పటిదేం కాదు. మా అత్త పోయి ఏడాది గడిచాక, ఒక చలికాలం సాయంత్రం కరెంటు పోతే మిద్దె మీదికి వెళ్లారట. ఆకాశంలో చిన్న మసక మరక కనిపించింది. కళ్లద్దాలు మురికయ్యాయనుకుని తుడిచారు. మరక పోలేదు. మళ్లీ తుడిచారు. ఉద్యోగంలో సగం జన్మ సిగ్నల్ అద్దాలు తుడిచిన మనిషికి అది పెద్ద అవమానం. నాకు ఫోన్ చేశారు. "ఉత్తరం దిక్కు, నెత్తి మీదికెంచి కొంచెం కిందికి, తుడిస్తె పోని మరకున్నది. ఏందో చూసి చెప్పు." వెతికి చెప్పాను. అది దేవయాని గెలాక్సీ అనీ, మనం చూసే ఆ వెలుగు ఇరవై అయిదు లక్షల ఏళ్ల కింద అక్కడ బయల్దేరిందనీ.  "గంత లేటా? మన రైలుబండ్లే నయం గదనే" అన్నారు.

అట్లా మొదలైంది. స్టూడియోలో మూలకు పడ్డ పాత కెమెరా, పెళ్లిళ్లలో దూరం నుంచి తీసే పొడుగు లెన్స్ ఆయనకు ఇప్పించాను. భూమి తిరుగుతుంటే చుక్కలు జరుగుతాయి కదా, వాటితో పాటు కెమెరా కూడా జరగాలి. దానికి ఆయన ఒక యంత్రం చేశారు. యంత్రమంటే ఏం లేదు. రెండు చెక్కలు, వాటిని కలుపుతూ తలుపుకు వేసే బందు, కింద ఒక పొడుగు బోల్టు. బందును ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టి, పక్కన గోడ గడియారం పెట్టుకుని, సెకన్ల ముల్లు ఎట్లా తిరిగితే బోల్టును అట్లా తిప్పాలి. ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ తిప్పేవారు. ధ్రువనక్షత్రం మా వైపు చాలా కిందికి ఉంటుంది. పక్కింటి వాళ్ల నీళ్ల ట్యాంకు అడ్డమొస్తే కుర్చీ మీద కుర్చీ వేసి మరీ వెతికేవారు.

మొదటి ఫొటో చూసి నేను ఎగిరి గంతేశాను. చుట్టూ రెక్కల్లాగా పరుచుకున్న వెలుగు, మా మిద్దె మీద నుంచి! మామకు మాత్రం నచ్చలేదు. "నడుమ ఏంది బిడ్డా, సున్నం పూసినట్టున్నది?"

"అక్కడ వెలుగెక్కువ మామా. కాలిపోయింది." మా ఫొటోల పనిలో తెల్లగా అయిపోయిన చోటును అట్లాగే అంటాం.

"కండ్లల్ల కొట్టే లైటు సిగ్నల్ గాదు. డ్రైవర్‌కు ఎర్రదా పచ్చదా కనవడాలె. గింత వెలుగుల లోపలేమున్నదో ఎవ్వలకెర్క?"

ఆలోచించి దారి ఆయనే కనుక్కున్నారు. రెక్కలకు ముప్పై సెకన్లు కెమెరా తెరిచి ఉంచాలి, నడిమి భాగానికి మూడే సెకన్లు. రెండు రకాలూ వందల కొద్దీ తీసి, కంప్యూటర్లో నేను కలిపితే రెక్కలూ ఉంటాయి, నడుమా కాలిపోదు. మూడు సెకన్లవి తెర మీద చూస్తే నల్లగా ఉంటాయి, ఏమీ లేనట్టే. కంప్యూటర్లో వెలుతురు పెంచి వాటిని పైకి లాగితేనే లోపలిది బయటపడుతుంది. ఇదంతా ఆయన నాకు రెండుసార్లు చెప్పారు. మూడోసారి నాచేత చెప్పించుకుని, "పడ్డది" అన్నారు.

ఆ చలికాలమే మామ కంటి జబ్బు సంగతి తెలిసింది. పేపర్ చదువుతుంటే అక్షరాల నడుమ మసక వస్తోందంటే హనుమకొండలో కంటి దవాఖానకు నేనే తీసుకెళ్లాను. కంటి వెనుక పొర నడిమి భాగంలో పాడవుతోందని, ముందుగా చూపు నడుమ పోతుందని, అంచులు ఉంటాయని, ఇంజెక్షన్లు వేస్తే నెమ్మదిస్తుందే గానీ పోయింది తిరిగి రాదని డాక్టరమ్మ చెప్పింది. "ఎన్ని నెలలుంటది మేడమ్?" అని అడిగారు మామ. "ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది" అందామె. తిరిగొచ్చే బస్సులో అన్నారు. "గెలాక్సీ నడుమది జల్ది తియ్యాలె బిడ్డా. చూపున్నప్పుడే ఒక్కసారి చూడాలె."

మూడు సాయంత్రాలు మిద్దె మీద కూర్చుని తీశారు. రెండు వందల పైచిలుకు ఫ్రేములు. మెమరీ కార్డును చేతిరుమాల్లో చుట్టి, రుమాలును టిఫిన్ డబ్బాలో పెట్టి నాకిచ్చారు. జనగామ దాకా డబ్బాను ఒళ్లోంచి దించలేదు నేను.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. మా స్టూడియోలో ఒక పద్ధతుంది. పెళ్లిలో ఒక తంతు అయిపోయి ఇంకోటి మొదలయ్యే ముందు మా కెమెరామన్ లెన్స్ మీద అరచెయ్యి పెట్టి ఒక ఫొటో కొడతాడు. నల్లటి ఫ్రేము వస్తుంది. మంగళస్నానాలు అక్కడికి అయిపోయాయి, ఇక మండపం అని నాకు గుర్తు. కార్డు నా చేతికి రాగానే నేను చేసే మొదటి పని ఆ నల్లవాటిని ఏరి పారేయడం. పన్నెండేళ్లుగా చేస్తున్నాను. కళ్లతో పనిలేదు, వేళ్లే చేసేస్తాయి. అది నిండు పెళ్లిళ్ల కాలం. ఒకే పూట నాలుగు కార్డులు వచ్చి పడ్డాయి. మామ కార్డు కూడా కంప్యూటర్లోకి ఎక్కించాను. నల్లవి ఏరాను. తీసేశాను. ఖాళీ చేసిన కార్డును రఘునాథపల్లిలో పెళ్లికి పోతున్న కెమెరామన్ చేతిలో పెట్టాను. అతను దాని నిండా తలంబ్రాలు నింపుకొచ్చాడు.

రెండు రోజుల తర్వాత కలపడానికి కూర్చుంటే ముప్పై సెకన్లవే ఉన్నాయి.  మిషన్లో వెతికాను, కార్డులో వెతికించాను, హైదరాబాద్‌లో తెలిసినవాళ్లకు పంపించాను. పోయాయి. ఒకదాని మీద ఒకటి రాసిన పలక నుంచి పాత అక్షరాలు ఎట్లా వస్తాయి?

ఆ నెలన్నర నేను బతికిన బతుకు పగవాళ్లకు కూడా వద్దు. మామ ప్రతి సాయంత్రం ఫోన్ చేసేవారు. "నడుమది అయిందా బిడ్డా?"

"మిషన్ మీద నడుస్తుంది మామా. టైం పడ్తది."

"నిమ్మలంగ చెయ్. పరేషాన్ గాకు. పేపర్ల పెద్దక్షరాలు ఇంక కనవడ్తున్నయి."

ఆ చివరి మాట నన్ను కోసేది. పెద్దక్షరాలు ఇంకా కనబడుతున్నాయి అంటే చిన్నవి పోయాయనే కదా. నేను అబద్ధం చెప్పిన ప్రతి రోజూ ఆయన చూపులోంచి ఒక రోజు పోతోంది.  ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని.

మా ఆయన ఉపాయం చెప్పాడు. "ఇంటర్నెట్ల మంచి ఫొటో దొర్కుతది. నడుమ భాగం తీసి అతికియ్. బాపుకేమెర్క?" ఛీ అన్నాను. కానీ చెయ్యి ఊరుకుంటుందా? పెళ్లినాటికి లేని తాతను గ్రూప్ ఫొటోలో నిలబెట్టడం నాకు రోజువారీ పని. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు అతికించాను. పది నిమిషాలు పట్టింది. అతుకు నాకే కనబడలేదు. ప్రింటు తీసి, చుట్ట చుట్టి, కాజీపేటలో రైలు మారి మహబూబాబాద్ వెళ్లాను.

మామ కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఫొటోను గుమ్మం వెలుగుకు ఏటవాలుగా పట్టుకుని, అటూ ఇటూ జరిపి చాలాసేపు చూశారు. మొహం మెల్లగా విచ్చుకుంది. "లోపల చుక్కున్నది గదనే! బోల్టు తిప్పింది నేను, మూడు దాక లెక్కవెట్టింది నేను. నా లెక్క తప్పలే చూడు. ముసలోడు తప్పలే."

ఫొటో బాగుందన్నా తట్టుకునేదాన్ని. తన లెక్కను తాను మెచ్చుకుని మురిసిపోతుంటే నావల్ల కాలేదు. "అది మనది గాదు మామా" అన్నాను. మొత్తం చెప్పేశాను. నల్లవి ఏరడం, కార్డు పెళ్లికి పోవడం, నెలన్నర అబద్ధాలు, అతుకు, అన్నీ.

మామ ఫొటోను మంచం మీద పెట్టారు. నా వైపు ఒకసారి చూసి మొహం పక్కకు తిప్పుకున్నారు. గోడకు క్యాలెండర్ ఉంటే దాని వైపు తిరిగి ఉండిపోయారు. కోపం చేసినా, తిట్టినా బాగుండేది. ఎంతసేపయినా ఆ మొహం ఇటు తిరగలేదు. నేను చీర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. కాసేపటికి ఆయన ఎప్పుడూ వివరాలు రాసుకునే నోట్‌బుక్కు తెమ్మన్నారు. తెచ్చిచ్చాను. పేజీని తడుముకుంటూ పెద్ద పెద్ద అక్షరాలతో రాశారు: ఫ్రేములు పోయినవి. మళ్లీ తీయాలి. ఎవరి వల్ల పోయాయో రాయలేదు.

"సిగ్నల్ ఫెయిలైతే ఫెయిలైందని రాయాలె. రాసినోన్ని ఎవ్వలేమనరు. రాయనోనితోనే పరేషాన్" అన్నారు, ఇంకా క్యాలెండర్ వైపే తిరిగి. "అమాస ఎప్పుడున్నదో చూడు. నువ్వే రావాలె. ఫోకస్ నాకిగ అందది."

అప్పటికి గెలాక్సీ పడమటికి దిగిపోతోంది. సాయంత్రం చీకటి పడేసరికే వాలి ఉంటుంది. ఇంకో నెల దాటితే మళ్లీ చలికాలం దాకా సాయంత్రాలు దొరకదు. అప్పటికి ఆయన చూపు ఎట్లా ఉంటుందో ఎవరికి తెలుసు? పట్నం వెలుగులు లేని చోటు కావాలని బయ్యారం దగ్గర ఆయనతో పనిచేసిన ఒకాయన మిర్చి కల్లానికి వెళ్లాం. ఎండబోసిన మిరపకాయలు ఎర్రగా ఎకరమంత పరుచుకుని ఉన్నాయి. ఆ ఇంటావిడ మా చెక్కలూ బోల్టూ చూసి, "చుక్కలకు ఫొటోలు దియ్యనీకి ఇంత దూరమొచ్చిండ్రా? మా కాయలకు తియ్యరాదుండ్రి, రేటన్న వస్తది" అంది.

మొదటి సాయంత్రం మబ్బు. రెండో సాయంత్రం తుమ్ములు. మిర్చి ఘాటుకు నేను తుమ్మితే కెమెరా ఊగుతుంది, ఆయన తుమ్మితే బోల్టు జారుతుంది. యాభై తీస్తే అయిదు మిగల్లేదు. ఇంటికొచ్చి నేను ఏడుపు మొహం పెట్టాను. మామ మూడో సాయంత్రానికి ఒక నియమం పెట్టారు. ముక్కులకు తడి తువ్వాలు కట్టుకోవాలి, ఆయన మూడు లెక్కపెట్టేదాకా తుమ్మొద్దు.

"ఒకటీ... రెండూ... మూడూ. ఇగ తుమ్ము."

ఇద్దరం కలిసి తుమ్మేవాళ్లం. మళ్లీ ఒకటీ, రెండూ, మూడూ. మధ్యమధ్యలో ఆయన అడిగేవారు. "ఇంకెంతున్నది?" నేను చెయ్యి చాచి పడమటి గుట్టకూ గెలాక్సీకీ మధ్య కొలిచేదాన్ని. "మూడు పిడికిళ్లు మామా." కాసేపటికి రెండున్నర.  "మీకు కనవడ్తుందా?" అని ఒకసారి అడిగాను. ఆయన మొహం ఎక్కడో కల్లం అంచున నిలిపిన ట్రాక్టర్ వైపు ఉంది. "కనవడ్తుంది" అన్నారు. నా కోసం అట్లా అంటున్నారనుకుని నాకు దుఃఖమొచ్చింది. కోపం ఇంకా తగ్గలేదేమో, నా వైపు కూడా చూడటం లేదు, అనుకున్నాను. ఆ రోజు నుంచి ఎప్పుడు మాట్లాడినా మొహం పక్కకే. పొద్దుట ఛాయ ఇచ్చినా అంతే.

గెలాక్సీ గుట్టను తాకే లోపల నూట ఎనభై దాకా వచ్చాయి. తెర మీద ఒక్కొక్కటీ తిప్పి చూశాను.

"ఉన్నయా? నల్లగనే ఉన్నయా?"

"నల్లగనే ఉన్నయి మామా!" నల్ల ఫ్రేము చూసి అంత గట్టిగా కేక వేసిన ఆల్బమ్ డిజైనర్ ఇంకెవరూ ఉండరు. కల్లం ఇంటావిడ పరుగెత్తుకుంటూ వచ్చింది, పాము కరిచిందేమోనని.

ఇంటికి రాకముందే మూడు చోట్ల దాచాను. స్టూడియోలో మామ పేరుతో ఉన్న ఫోల్డర్ ఎవరూ ముట్టొద్దని గోడకు కాగితం అంటించాను. వారం రోజులు పనయ్యాక కూర్చుని కలిపాను. సున్నం పూసినట్టుండే చోట వెలుగు ఇప్పుడు మెల్లగా, లోపలికి పోనుపోను చిక్కబడుతోంది. ఒక పక్కన సన్నటి నల్ల దుమ్ము గీత. అన్నిటికీ నడుమ ఆవగింజంత చుక్క. నేను అతికించినదానంత అందంగా లేదు. గరుకుగా ఉంది, కొంచెం వంకర కూడా. కానీ మాది.

అప్పటికి మామ ఇంజెక్షన్లు వేయించుకుంటూ భూపాలపల్లిలో కూతురి ఇంట్లో ఉన్నారు. బస్సులో నాలుగు గంటలు ప్రింటును నిలువుగా పట్టుకునే కూర్చున్నాను. ఆలస్యమైపోయిందేమో, ఆయనకు ఇక కనబడదేమో అన్నదే ఆలోచన. చేతిలో పెట్టాను. ఆయన పట్టుకున్నారు. మొహం ఫొటో మీద లేదు. పక్కకు, కిటికీ వైపు తిరిగి ఉంది. 

"ఇంక కోపం పోలేదా మామా? ఒక్కసారి చూడుండ్రి" అన్నాను. 

మా ఆడబిడ్డ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "గదేంది వదినా? చూస్తనే ఉన్నడు గద. సక్కగ చూస్తె నడుమ మసక, ఏం కనవడదు. పక్కకు తిప్పితెనే అంచుకెంచి కనవడ్తది. మస్తు దినాల సంది గంతే. నీకు చెప్పలేదా?"

మామ నవ్వారు. "ఆవగింజంతున్నది. ఎడమ పక్క గీత. తప్పా?" అన్నారు, కిటికీ వైపు చూస్తూ.

తప్పు కాదు. నాకు మాత్రం క్యాలెండర్ గుర్తొచ్చింది. "ఆ దినం మరి... నేను చెప్పినంక మొకం తిప్పుకున్నరు గద?"

"ఏడుస్తున్నవా లేదా చూడొద్దా బిడ్డా? సక్కగ చూస్తె నీ మొకం జాగల మబ్బే ఉన్నది. తిప్పి చూస్తె కొంగు నోట్ల వెట్టుకోని నిలవడ్డవు. గసొంటి పిల్లనేమని తిట్టాలె?"

నేను ఆ రోజు ఎంత ఏడ్చానో చెప్పను. నెలల తరబడి ఆయన నన్ను చూడటం లేదని భయపడ్డాను. కల్లంలో, ఛాయ దగ్గర, గుమ్మంలో, అన్నిసార్లూ నన్నే చూస్తున్నారు. నాకే తెలియలేదు. ఏడుపయ్యాక ఫోన్ తీసి, "ఫొటో తీస్తా, పట్టుకోండ్రి" అన్నాను. గెలాక్సీని ఛాతీకి ఆనించి పట్టుకుని మొహం పక్కకు తిప్పారు. తీశాను.

చావు కబురు వచ్చిన పూట కంప్యూటర్లో నాకు నలభై ఫొటోలు దొరికాయి. సూటిగా కెమెరాలోకి చూస్తున్నవి చాలానే ఉన్నాయి. పెళ్లిలో, రిటైర్మెంట్ రోజున, అత్తతో కలిసి. రెండు మూడుసార్లు వాటి మీద చెయ్యి పెట్టి వెనక్కి తీసుకున్నాను. చివరికి పెద్దగా చేయించి పట్టుకెళ్లింది భూపాలపల్లిలో తీసినదే.

మామ అక్క, మేమందరం పెద్దత్త అనే ఆవిడ, ఫ్రేమును చూసి మొహం చిట్లించింది. "గిదేం ఫొటోనే? పక్కకు చూస్తుండు. ఎదురుంగ చూసేది ఒక్కటి దొర్కలేదా నీకు?"

"ఎదురుంగనే చూస్తున్నరు అత్తా" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. దండ వేసి, పుప్పొడి రాలిన చోట చీర కొంగుతో అద్దం తుడిచి వెళ్లిపోయింది. నేను ఆ ఫొటో తీసిన రోజు ఫోన్ పట్టుకుని ఎంత దూరంలో నిలబడ్డానో అంత దూరంలో నిలబడ్డాను. మామ చేతుల్లో గెలాక్సీ, దాని నడుమ ఆవగింజంత చుక్క. మొహం కిటికీ వైపు తిరిగి ఉంది. నేను ఏడుస్తున్నానో లేదో చూస్తున్నారు.